కెంపు కమ్మలు, ఖాసింబీ కోడి

పోయిన నెల రెండో శనివారం నేను మా ఆమెకు కెంపు కమ్మలు కొన్నా. దానికి ఒక కోడి ప్రాణం పోయింది. నవ్వొద్దప్పా, ముందు వినండి. ఆ కోడి మాది గూడా కాదు!

మాది జమ్మలమడుగు. హైస్కూల్లో సైన్సు చెప్తా. మా ఆమె సుగుణ, నర్సు. ఆమె పుట్టిల్లు పులివెందుల. మా పెళ్లై ఇరవై రెండేండ్లయింది. మా హాల్లో టీవీ పైన పెళ్లి ఫోటో ఒకటి ఉంది, చర్చి మెట్ల మీద దిగింది. దాంట్లో నేను కోటేసుకోని, ఏదో తప్పు చేసి దొరికిపోయినోని మాదిరి నిలబడింటా. సుగుణ మాత్రం బాగా నవ్వుతాంటాది. చెవులకు ఎర్రటి ఏడు రాళ్ల కమ్మలు.

ఎండాకాలం సెలవులకు మా పాప వచ్చింది. ఇడుపులపాయలో చదువుతాంది. ఒకరోజు ఆ ఫోటో తుడుస్తా అడిగింది.

"మా, ఈ ఎర్ర కమ్మలు యాడుండాయి? నేనెప్పుడూ చూడలేదే?"

సుగుణ వంటింట్లోంచే చెప్పింది. "అవి మా పిన్నమ్మవి పాపా. ఫోటో దిగినంక ఆ సాయంత్రమే ఇచ్చేసినా."

అంతే. చెప్పేసి పోపు పెట్టుకుంటాంది. పేపరు చదువుకుంటాండే నాకు మాత్రం యాడనో చురుక్కుమనింది. ఎందుకంటే, పెళ్లైన వారానికి నేనే ఆమెకు ఒక మాటిచ్చినా. "అట్లాంటివే నీకు సొంతానికి తెస్తా చూడు" అని. తర్వాత పాప పుట్టింది, ఇల్లు కట్టినాము, అదీ ఇదీ వచ్చె. మాట అట్లనే ఉండిపోయింది. ఆమె ఒక్కసారన్నా అడగలేదు. అడిగింటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. అడగనిదానికి ఏం చెప్తావు?

సరే, ఈసారి కొనాల్సిందే అనుకున్నా. ఆమెకు చెప్పకుండా కొనాల. చేతిలో పెట్టి ఆమె మొగం చూడాల. ఇదీ నా ప్లాను.

మా పక్క బంగారమంటే ప్రొద్దుటూరే కదా. సెలవులైపోయి, పాప తిరిగి పోయి, బడులు తెరిచినంక ఒకరోజు బడి విడవంగానే బస్సెక్కి పోయినా. తెలిసినోళ్లు చెప్పిన అంగడి. శెట్టిగారు పెద్దాయన, నిదానస్తుడు. సెల్లులో పెళ్లి ఫోటో చూపిచ్చినా. కండ్లద్దాలు పైకి తోసి, ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూసినాడు.

"సార్, ఏడు రాళ్లని తెలుస్తాంది. ఎరుపని తెలుస్తాంది. ఏం రాయని చెప్పేదానికి నేనేమన్నా సోది చెప్పేవాణ్ణా?"

"కెంపులే శెట్టీ. మా అత్తగారింట్లో అందరూ అట్లే అంటారు."

"సరే, కెంపులే అనుకుందాం. మరి ఆయమ్మ చెవికి ఎంత సైజు కావాల? కాడ ఎంత మందం ఉండాల? మందమైతే చెవి రంధ్రంలో దూరదు, సన్నమైతే బరువుకు వంగిపోతాది. ఇంట్లో ఆమె పెట్టుకునే కమ్మ ఒకటి పట్టుకరాండి. దాన్ని చూసి చేస్తాం."

ఈడ మొదలైంది తంటా.

సుగుణ రోజూ పెట్టుకునే దుద్దులు చెవులకే ఉంటాయి, అవి తీసుకునేది కుదరదు. ఫంక్షన్లకు పెట్టుకునే చిన్న ముత్యాల కమ్మలు బీరువాలో పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. రెండో శనివారం పొద్దున్నే ఆమె స్నానానికి పోంగానే డబ్బా తెరిచినా. రెండూ తీయాల్నా, ఒకటి తీయాల్నా? బాగా ఆలోచన చేసినా. రెండూ తీస్తే జాగా ఖాళీగా కనపడతాది, అనుమానం వస్తాది. ఒకటి తీస్తే ఇంకొకటి ఆడ్నే ఉంటాది కాబట్టి చూసినోళ్లకు కమ్మలున్నట్టే ఉంటాది. నా తెలివికి నేనే మురిసిపోయి ఒకటి తీసి జేబులో ఏసుకున్నా.

"స్కూల్లో మీటింగుంది, పోయొస్తా" అన్నా.

"రెండో శనివారం మీటింగేంది?"

"పై నుంచి ఆర్డరొచ్చింది."

ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పేది నేనే. పై నుంచి అంటే పై నుంచే కదా, ఎవరు పంపించినారో నేను చెప్పలేదు కదా అని బస్సులో సర్దిచెప్పుకున్నా.

ఒక సంగతి నా బుర్రకు తట్టలేదు. మరుసటి రోజు పులివెందులలో మా బావమరిది కొత్తింటి ప్రార్థన. పుట్టింటోళ్ల ఫంక్షన్ అంటే ఆడోళ్లు ముందురోజే నగలు తీసి కడుక్కుంటారు. ఇరవై రెండేండ్లుగా చూస్తానే ఉండా. అయినా తట్టలేదు.

అంగడిలో శెట్టి నా ముత్యం కమ్మను కొలిచి, తూచి, నేను అడక్కుండానే దాన్ని ఏదో నీళ్లలో ముంచి బ్రష్షుతో రుద్ది మెరిపించినాడు. గులాబీరంగు కాయితంలో చుట్టి నా ముందర పెట్టినాడు. తర్వాత కెంపు కమ్మలు ఒక్కొక్కటే తీసినాడు.

ఎరుపులో ఇన్ని ఎరుపులుంటాయని నాకు ఆరోజే తెలిసింది. ఒకటి రోజాపువ్వు మాదిరి. ఒకటి బీట్‌రూట్ ఉడికించిన నీళ్ల మాదిరి. ఒకటి మరీ నలుపు. లైట్ల కింద అన్నీ బాగుండాయి. నేను ఒకటి పట్టుకోని "ఇది" అంటే శెట్టి తల అడ్డంగా ఊపినాడు.

"అంగడి లైట్లో ఏదైనా బాగుంటాది సార్. బయటికి రాండి, ఎండలో చూడాల."

ఇద్దరం మెట్ల మీదికొచ్చి నిలబడినాం. నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి. ఒక జత ఎండలోకి రాంగానే అచ్చం దానిమ్మ గింజల మాదిరి లోపల్నుంచి వెలిగింది. నడిమధ్యన ఒకటి, చుట్టూ ఆరు. "ఇదే శెట్టీ" అన్నా. ఆయన గూడా ఈసారి తల నిలువుగా ఊపినాడు.

కాడ సరిచేసేదానికి లోపలికి పంపినాడు. అప్పుడు మోగింది నా ఫోను. సుగుణ.

"ఏమయ్యా, మీటింగులో ఉండావా?"

"ఊఁ, ఉండా."

"నా ముత్యాల కమ్మ ఒకటి కనపడలేదు. నువ్వేమన్నా చూసినావా?"

కమ్మ నా ముందర, జానెడు దూరంలో, గులాబీ కాయితంలో ఉండాది.

"లేదే! నేనెందుకు చూస్తా?"

"నగలన్నీ గిన్నెలో పోసి, కుంకుడురసం పోసి, పెరట్లో కొళాయి దగ్గర కడిగినా. నీళ్లు కాలవలో వంపేసినా. తుడిచి చూస్తే ఒకటే ఉంది. నీళ్లతో పాటే పోయినట్టుంది. ప్రభువా, మా అమ్మ పెట్టిన కమ్మలు!"

చూడండి, ఈడ చెప్పేయాల్సింది. 'నా దగ్గరే ఉంది, గమ్మునుండు' అని ఒక్క మాట. కానీ ఇరవై రెండేండ్లు ఆగినాను కదా, ఇంకొక రెండు గంటలు ఆగలేనా అనిపించింది.

"యాడికి పోతాదిలే, దొరుకుతాది. బాగా వెతుకు" అన్నా.

బాగా వెతకమని నేనే చెప్పినానండీ!

ఇరవై నిమిషాలకు మళ్లీ ఫోన్. ఈసారి ఆయాసపడతాంది.

"కాలవ మీద బండ లేపినాము."

"ఎవరు?"

"నేనూ ఖాసింబక్కా. గడ్డపారతో."

ఖాసింబీ మా పక్కింటామె. మొగుడు లేడు, జాకెట్లు కుట్టుకోని బతుకుతాది. రెండు కోళ్లను సాకుతాది, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. వాటి గుడ్లు ఈమధ్యన ఆమె కూతురికే, కాన్పుకు పుట్టింటికి వచ్చింది, పురుడై నెల గూడా కాలేదు. మా కాలవ మీద కడప బండ మామూలు బండ కాదు. దాన్ని పరిచేదానికి ముగ్గురు మొగోళ్లు పట్టింది. దాన్ని ఇద్దరు ఆడోళ్లు లేపినారంటే ఆ కమ్మ ఎంత ముఖ్యమో అప్పుడన్నా నాకు అర్థం కావాల్సింది.

"బురదంతా జల్లెడ పట్టినాము. లేదు" అనింది సుగుణ.

"సరే, ఇంక చాలించు. నేనొస్తా కదా."

ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఏమయ్యా, కోడి ముత్యం మింగుతాదా?"

"ఏ కోడి?"

"ఖాసింబక్క ఎర్రకోడి. నేను నీళ్లు వంపేటప్పుడు ఆడ్నే తిరుగుతాండె. ఏందో ముక్కుతో పొడిచి, మెడ ఎత్తి మింగింది. నేను కండ్లారా చూసినా. ముత్యం జొన్నగింజ మాదిరే ఉంటాది కదా. నువ్వు సైన్సు సారువు, చెప్పు. మింగుతాదా, మింగదా?"

ఇంకెవరన్నా అయితే 'మింగదు' అనేవాళ్లు. ఆ ఒక్క అబద్ధం ఆడింటే కోడి బతికిపోయేది. పొద్దున్నుంచి అన్ని అబద్ధాలు ఆడిన నోరు, సరిగ్గా ఆ టయానికి నిజం చెప్పింది! ఇన్నేండ్లుగా పాఠం చెప్పే మనిషిని, ప్రశ్న అడిగితే జవాబు దానంతటదే వచ్చేస్తాది.

"మింగుతాదిలే. కోళ్లకు నమిలే పండ్లుండవు కదా. అందుకే చిన్న చిన్న రాళ్లు మింగి కందనకాయలో పెట్టుకుంటాయి. గింజలు నలిగేదానికి."

"అంటే కందనకాయలోనే ఉంటాది."

"ఉంటాది. గట్టి వస్తువైతే శానా రోజులుంటాది, అంత సులభంగా కిందికి దిగదు..."

"సరే." ఫోన్ పెట్టేసింది.

శెట్టి నన్నే చూస్తాండాడు. "ఎవరికి సార్ పాఠం?"

అప్పుడు తెలిసింది నాకు, ఏం చెప్పినానో. వెంటనే తిరిగి ఫోన్ చేసినా. ఎత్తలేదు. మళ్లీ చేసినా. ఎత్తలేదు. మెసేజి పెడదామని 'కమ్మ నా దగ్గరే ఉంది' అని టైపు చేసినా గూడా. అప్పుడే లోపల్నుంచి కెంపు కమ్మలు తెచ్చి నా ముందర పెట్టినారు. చిన్న డబ్బాలో, తెల్లటి దూది మీద. వాటిని చూసినా. మెసేజి చూసినా. చెరిపేసినా. 'తొందరపడొద్దు, నేనొస్తాండా' అని పెట్టి, డబ్బు కట్టి, డబ్బా ఒక జేబులో, కాయితం పొట్లం ఒక జేబులో ఏసుకోని బస్టాండుకు పరుగెత్తినా.

తిట్టండి. నేను గూడా బస్సులో నన్ను అట్లనే తిట్టుకున్నా.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. గేటు తీస్తాంటే ఖాసింబీ ఎదురొచ్చింది. చంకలో నల్లకోడి.

"యాడికి ఖాసింబమ్మా?"

"హలాల్ చేయించుకోనొస్తా సారూ. ఎర్రదాంట్లో లేదు. ఇదేమన్నా మింగిందేమో."

ఎర్రదాంట్లో లేదంట!

"కోసేసినారా?"

"నేనే కోపిచ్చినా సారూ. సుగుణమ్మ వద్దు వద్దు అనింది, రేపటిదాకా కట్టేసి చూద్దామనింది. ఆమె ఏడుస్తాంటే నాకు మనసు ఒప్పలేదు. అమ్మ ఇచ్చిన సొమ్ము పోతే ఎట్లుంటాదో నాకు తెలీదా? కోడిదేముంది, ఇంకొకటి సాక్కోవచ్చు."

నల్లకోడి నా మొగం చూసి కొక్ అనింది.

"ఆగు ఖాసింబమ్మా. ఈడే ఉండు. ఒక్క రెండు నిమిషాలు. నేను గూడా ఒకసారి కాలవ చూస్తా."

పెరట్లోకి పోయినా. బండ ఒక పక్కన నిలబెట్టింది. బురద కుప్ప ఒక పక్కన. పళ్లెంలో కోసిన కందనకాయ, దాని పక్కన ఇసుక, రెండు గులకరాళ్లు, పచ్చగాజు ముక్క ఒకటి. సుగుణ ఆ పక్కనే కూర్చోనుంది. మోచేతులదాకా బురద. కండ్లు ఎర్రగా ఉబ్బినాయి. నన్ను చూసి, "దొరకలేదప్పా" అనింది, అంతే. నామీద కోపం గూడా లేదు ఆ గొంతులో.

అప్పుడన్నా నిజం చెప్పినానా? లేదు. దారిలో ఇంకో తెలివైన ప్లాను ఏసుకోనొచ్చినాను కదా. కమ్మను కాలవలో నేనే ఏసి నేనే తీస్తా. కమ్మ దొరుకుతాది, నల్లకోడి బతుకుతాది, కెంపుల సంగతి రేపు పులివెందులలో అందరి ముందరా ఆమె చేతిలో పెడతా. ఏమంటారు? పర్వాలేదు కదా?

చొక్కా చేతులు మడిచి, జేబులోది పిడికిట్లో పట్టుకోని, మోకాళ్ల మీద వంగి కాలవలో చెయ్యి పెట్టినా. కాసేపు అటూ ఇటూ కెలికినట్టు చేసినా. తర్వాత గట్టిగా అరిచినా.

"దొరికింది! సుగుణా, దొరికిందే!"

ఆమె లేచి పరుగెత్తుకోనొచ్చింది. ఖాసింబీ కోడితో సహా పరుగెత్తుకోనొచ్చింది. నేను గొప్పగా చెయ్యి చాపి పిడికిలి తెరిచినా.

ఇద్దరూ చూసినారు.

నేను గూడా చూసినా. అరచేతిలో బురద. బురదలో తడిసి అంటుకోనున్న గులాబీరంగు కాయితం. దాని మడతలో నుంచి కమ్మ తొంగి చూస్తాంది, కొత్త పెండ్లికూతురు మాదిరి తళతళమని.

సుగుణ నర్సు. ఏ రోగి మాత్ర మింగినాడో, ఎవడు దిండు కింద దాచినాడో మొగం చూసి చెప్పేస్తాది. కాయితం రెండు వేళ్లతో ఎత్తి పట్టుకోని నిదానంగా అడిగింది.

"కాలవలో పడిన కమ్మకు ఈ కాయితం ఎవరు చుట్టినారప్పా? కోడా?"

ఖాసింబీ ఆ మాట విని నల్లకోడిని కిందికి దించింది. అది తిరిగి చూడకుండా గోడ దూకి పోయింది.

ఇంక చెప్పక ఏం చేస్తా? బురదలో మోకాళ్ల మీదనే కూర్చోని మొత్తం చెప్పేసినా. మీటింగు లేదని, ప్రొద్దుటూరుకు పోయినానని, శెట్టి కమ్మ తెమ్మన్నాడని, ఫోన్లు వచ్చినప్పుడు అది నా ముందరే ఉందని. రెండో జేబులో నుంచి డబ్బా తీసి ఆమె ముందర పెట్టినా.

సుగుణ దాన్ని ముట్టుకోలేదు. లేచి కొళాయి దగ్గరికి పోయింది. సబ్బు తీసుకోని, ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు కడుక్కున్నట్టు, మోచేతుల దాకా శానాసేపు కడుక్కుంది. ఆ కడుక్కునేంత సేపు నాకు ఇరవై రెండేండ్లంత పొడుగనిపించింది. తర్వాత చేతులు తుడుచుకోని వచ్చి డబ్బా తెరిచింది.

వేలి కొసతో ఒక్కొక్క రాయినే ముట్టుకుంది. ఏడూ ముట్టుకుంది.

"నీకు గుర్తుందా ఆ మాట?"

"ఉంది."

"మర్చిపోయినావనుకున్నా" అనింది. ఆమె కండ్లు నిండినాయి. ఆహా, ఈ మొగం చూసేదానికే కదా ఇంత చేసిందని నేను అనుకుంటాండంగానే, ఆమె ఖాసింబీ పక్కకు తిరిగి రెండు చేతులూ పట్టుకోని భోరుమనింది.

"అక్కా, ఊరికే నీ కోడిని చంపించినా కదక్కా! బాలింత నోటికాడ గుడ్లు తీసేసినా కదక్కా!"

నేను ఇన్నాళ్లుగా అనుకున్న కండ్లనీళ్లు వచ్చినాయి, కాని కోడికి వచ్చినాయి. అప్పుడు వచ్చింది నాకు సిగ్గు, నిజం సిగ్గు. తల ఎత్తలేకపోయినా.

ఖాసింబీ ఆమె వీపు నిమిరి, "ఊరుకో అమ్మా, ఊరుకో. ముందు చెవులకు పెట్టుకో, చూస్తా" అనింది. తానే దగ్గరుండి దుద్దులు తీసి, కెంపులు పెట్టి, మరలు తిప్పింది. రెండడుగులు వెనక్కి జరిగి తల వాల్చి చూసింది.

"శానా బాగుండాయి. ఎర్రగా, అచ్చం నా కోడి మాదిరే."

సుగుణ ఏడుపులోనే నవ్వేసింది. ఖాసింబీ గూడా నవ్వింది. నేను గూడా నవ్వబోయినా. ఇద్దరూ ఒకేసారి నా పక్క చూసినారు. ఆపేసినా.

కోడిని పారేయలేం కదా, ఖాసింబీ కూర వండి తెచ్చింది. తాను పెంచింది కాబట్టి తాను ముట్టనంది. సుగుణ గూడా ముట్టనంది. ఇద్దరూ నాకు ఎదురుగా కూర్చోని "నువ్వు తిను" అన్నారు. గిన్నె అయిపోయేదాకా లేవనీలేదు. కూర మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఆ మాట పైకి చెప్పే ధైర్యం లేదు.

మరుసటి రోజు పులివెందులలో సుగుణ కెంపులు పెట్టుకోని కూర్చుంది. ఆడోళ్లంతా చుట్టూ మూగినారు. "యాడ కొన్నారు వదినా?" అంటే చాలు, బండ లేపిన కాడి నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పుకొచ్చింది. ప్రార్థన అయ్యేలోపల ఇంట్లో నా మొగం చూసి నవ్వనోళ్లు లేరు. పాస్టరుగారు గూడా దగ్గుతా బయటికి పోయినాడు.

నేను మెల్లగా బయటపడినా. మా బావమరిది ఇంటెనకల వీధిలో ఒకామె కోళ్లు సాకుతాదని విన్నా. ఖాసింబీకి ఇంకో ఎర్రపెట్ట తీసుకపోయి ఇస్తేనే నా పాపం తీరేది. ఆమె గంప ఎత్తి చూపిస్తే, శెట్టి నేర్పించిన మాదిరే ఒక్కోదాన్ని నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూసినా. ఒకటి ఎండలో దగదగమని మెరిసింది, కుంకుమ రంగు ఈకలు. "ఇదే" అన్నా. అమ్మేయామె ఏదో చెప్పబోయింది గానీ, "నాకు తెలుసులేమ్మా" అని సంచిలో ఏసుకోని వచ్చేసినా.

సాయంత్రం ఖాసింబీ దాన్ని చేతిలోకి తీసుకోని, నెత్తి మీద వేలు పెట్టి చూసి, కాళ్లు చూసి, ఆడ్నే గడప మీద కూర్చుండిపోయింది. నవ్వు పట్టలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"సారూ, ఇది పుంజు పిల్ల! గుడ్లు యాడ పెడతాది? ఇంకో నెలకు గోడెక్కి కూస్తాది!"

మొన్న ఆదివారం చర్చి కాంగానే మళ్లీ పులివెందులకు పోయినాం. ఈసారి సుగుణ నా ఎంట వచ్చింది. చెవులకు కెంపులు పెట్టుకోని, గంప ముందర గొంతుక్కూర్చోని, ఒక్కొక్క కోడినే తిప్పి తిప్పి చూసింది. నేను వెనకాల సంచి పట్టుకోని నిలబడుకున్నా. అమ్మేయామె నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, ఈసారి మీరు చూడరా? ఏది పెట్టో చెప్పండి" అనింది.

"నాకు తెలీదమ్మా" అన్నా.

ఈ మొత్తం యవ్వారంలో నేను ఎవరూ పట్టుకోకముందే చెప్పిన నిజం అదొక్కటేనంట. సుగుణ అంటాది.